ఒకటే రిమోట్‌తో సరిపోవాలంటే: టీవీ కింది చిన్న కంప్యూటర్‌కు ఏ దారి మేలు?

మా కడప వైపు ఇళ్ళలో టీవీ ముందర రిమోట్లకు కరువు లేదు. టీవీది ఒకటి, కేబుల్ బాక్సుదో డిష్‌దో ఇంకొకటి, కొన్ని ఇళ్ళలో ఏసీది మూడోది. హార్డ్‌డిస్కులో దాచుకున్న పాత సినిమాలు, పెళ్లి వీడియోలు, బుర్రకథ రికార్డింగులు పెద్ద తెర మీద చూసుకుందామని రాస్‌ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్ తెచ్చి, వీడియోలు, పాటలు ఆడించే కోడీ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుంటే, వీటికి తోడు ఒక కీబోర్డు, ఒక మౌసు. తెచ్చిన మనిషికి ఇదంతా ముచ్చటగానే ఉంటుంది. ఆయన డ్యూటీకి పోయినాక అవ్వకు సినిమా పెట్టాలంటే మాత్రం ఇంట్లో ఎవరికీ చేతకాదు. నెల తిరిగేసరికి ఆ పెట్టె మీద దుమ్ము.

దీన్ని రిమోట్‌తో ఆడించడానికి దారులు చాలానే ఉన్నాయి. హెచ్‌డీఎంఐ వైరు గుండా టీవీ రిమోట్‌నే వాడుకోవచ్చు, దీన్ని సీఈసీ అంటారు. ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ తగిలించి పాత రిమోట్ ఏదైనా వాడుకోవచ్చు. గాల్లో తిప్పి వాడే ఎయిర్ మౌస్ కొనుక్కోవచ్చు, బ్లూటూత్ రిమోట్ జత చేసుకోవచ్చు, ఫోన్లో యాప్ పెట్టుకోవచ్చు. నా మాట ముందే చెప్తా: మొదట సీఈసీ చూడండి, అది కుదరకపోతే ఇన్‌ఫ్రారెడ్, వెతుకులాట, టైపింగ్ ఎక్కువగా ఉన్న ఇంటికే ఎయిర్ మౌస్. ఫోనును అసలు రిమోట్‌గా లెక్కపెట్టకండి, అది పక్కన ఉండే సాయం మాత్రమే. ఎందుకో కింద రాస్తున్నా.

ఇంకొక మాట. మీ ఇంట్లో చూసేదంతా ఓటీటీ యాపులే అయితే ఈ తంటా మీకు అక్కర్లేదు. ఆ యాపులు కోడీలో నడిపించడం ఒక పట్టాన తెమిలే పని కాదు. టీవీకి పెట్టుకునే స్టిక్ ఒకటి కొనుక్కోండి, దాంతో పాటే రిమోట్ వస్తుంది. నేను రాసేది సొంత హార్డ్‌డిస్కు, సొంత వీడియోలు, సొంత పాటలు ఉన్నవాళ్ళ కోసం.

కొనే ముందు ఇల్లు చూసుకోండి

చాలామంది ముందు రిమోట్ కొని, తర్వాత ఇల్లు చూస్తారు. పద్ధతి తిరగేయాలి.

పెట్టె ఎక్కడ పెడతారన్నది పెద్ద విషయం. మా వైపు హాల్లో టీవీ కింద అరలు చాలావరకు కడప బండతో కట్టినవే. పాత ఇళ్ళలో అయితే గోడలోనే గూడు ఉంటుంది. చిన్న కంప్యూటర్‌ను ఆ బండ కింద వెనక్కి తోసి పెట్టడమో, టీవీ వీపుకు అతికించడమో చేస్తారు. ఇన్‌ఫ్రారెడ్ అంటే వెలుగే, కాకపోతే మన కంటికి కనపడదు. అది రాయిలోంచి పోదు. సెన్సర్ బండ చాటున ఉంటే రిమోట్ ఎంత గట్టిగా నొక్కినా లాభం లేదు. రేడియోతో పనిచేసే ఎయిర్ మౌస్, బ్లూటూత్ రిమోట్లు బండ చాటునుంచి కూడా పనిచేస్తాయి గానీ ఇనుప బీరువా లోపల, లోహపు డబ్బా లోపల పెడితే అవీ తడబడతాయి. సీఈసీకి ఈ బాధ లేదు. రిమోట్ చూసేది టీవీనే, టీవీ ఎటూ ఎదురుగానే ఉంటుంది.

వేడి సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. మే నెలలో కడపలోనూ కర్నూలులోనూ బయట 43, 44 డిగ్రీలు ఉంటుంది. తలుపున్న గూట్లో పెట్టిన పెట్టె లోపల ఎట్లా ఉడుకుతుందో ఊహించుకోండి. రాస్‌ప్‌బెర్రీ పై చిప్పు 80 డిగ్రీలు దాటగానే తన వేగం తానే తగ్గించుకుంటుంది. అప్పుడు బొమ్మ ఆగి ఆగి ఆడుతుంది, రిమోట్ నొక్కిన అరనిమిషానికి మెనూ కదులుతుంది, నింద రిమోట్ మీద పడుతుంది. గాలి ఆడే చోట పెట్టి, అల్యూమినియం కేసు వేస్తే సగం ఫిర్యాదులు పోతాయి.

చివరగా, రిమోట్ ఎవరి చేతిలో ఉంటుందో నిజాయితీగా ఆలోచించండి. మీ చేతిలోనే అయితే ఏదైనా నడుస్తుంది. అమ్మానాన్నల చేతిలో అయితే, వాళ్ళ వేళ్ళకు అలవాటైన రిమోట్ ఏదో అదే గెలుస్తుంది. అది ఎక్కువ ఇళ్ళలో టీవీది, కొన్ని ఇళ్ళలో కేబుల్ బాక్సుది.

సీఈసీ: దుడ్లు పెట్టకుండా అయ్యే పని

హెచ్‌డీఎంఐ వైరులో బొమ్మ, శబ్దం పోయే తీగలు కాక 13వ పిన్నుకు ఒక తీగ ఉంటుంది. దాని పని ఒకటే: ఒక పెట్టె ఇంకో పెట్టెకు చిన్న చిన్న కబుర్లు పంపడం. మీరు టీవీ రిమోట్‌లో కింది బాణం నొక్కితే టీవీ ఆ కబురును ఈ తీగ మీద కంప్యూటర్‌కు చేరవేస్తుంది. అంతే. 2005లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.2ఏ నాటికే ఈ పద్ధతికి పూర్తి రూపం వచ్చింది, కాబట్టి తర్వాతి కాలపు బ్రాండెడ్ టీవీల్లో చాలావాటికి ఇది ఉంటుంది. ఉన్నా చాలామందికి తెలియదు. దానికి కారణం కంపెనీలే, ఒక్కొక్కరు ఒక్కో పేరు పెట్టుకున్నారు. సామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్, పానాసోనిక్‌లో వియెరా లింక్, ఫిలిప్స్‌లో ఈజీలింక్. చిన్న బ్రాండ్లలో సీఈసీ కంట్రోల్ అనే ఉంటుంది. సెట్టింగుల్లో ఆ పేరు వెతికి ఆన్ చేయడమే మీ వైపు పని.

కంప్యూటర్ వైపు, రాస్‌ప్‌బెర్రీ పైలలో ఇది మొదటినుంచీ ఉంది. కోడీతో వచ్చే లిబ్రెఎలెక్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తే విడిగా ఏమీ చేయకుండానే రిమోట్ అందుకుంటుంది. ఫోర్ మోడల్‌లో రెండు మైక్రో హెచ్‌డీఎంఐ రంధ్రాలు ఉంటాయి, వాటిలో పవర్ పెట్టే రంధ్రానికి పక్కనున్న దాంట్లోనే వైరు పెట్టండి. రెండోదాంట్లో పెట్టి బొమ్మ వచ్చింది కదా అని ఊరుకుంటే రిమోట్ పలకకపోవచ్చు.

పాత డెస్క్‌టాప్‌నో ల్యాప్‌టాప్‌నో టీవీకి తగిలించుకున్న వాళ్ళకు మాత్రం ఇక్కడే నిరాశ. మామూలు కంప్యూటర్ల గ్రాఫిక్స్ కార్డుల్లో హెచ్‌డీఎంఐ ఉన్నా ఆ 13వ పిన్నును ఎక్కడికీ కలపరు. ఇంటెల్ నక్ లాంటి కొన్ని చిన్న పెట్టెల్లో తప్ప ఇది దొరకదు. పల్స్‌ఎయిట్ అనే కంపెనీ మధ్యలో పెట్టుకునే యూఎస్‌బీ అడాప్టరు చేస్తుంది, కోడీ వాడే సీఈసీ లైబ్రరీ కూడా వాళ్ళదే. మంచిదే గానీ మన దగ్గర దొరకబుచ్చుకోవడం కష్టం, అంత పెట్టి తెప్పించుకునే కన్నా ఇన్‌ఫ్రారెడ్ దారి పట్టడం నయం.

సీఈసీలో బాగున్నది ఏమిటంటే శబ్దం బటన్లు టీవీవే, పవర్ బటన్ టీవీదే, బాణాలూ ఓకే బటనూ మాత్రం కంప్యూటర్‌కు పోతాయి. ఇంట్లోవాళ్ళకు కొత్తగా నేర్పేది దాదాపు ఏమీ ఉండదు. కోడీ తెరపైకి రాగానే టీవీ తనంతట తానే ఆ ఇన్‌పుట్‌కు మారుతుంది.

బాగలేనివీ ఉన్నాయి, దాచిపెట్టను. ఈ తీగ మీద కబుర్లు సెకనుకు సుమారు 400 బిట్ల వేగంతోనే నడుస్తాయి. ఒక్కో బటన్‌కు అది చాలు. కానీ పొడవాటి సినిమాల పట్టికలో బాణం నొక్కి పట్టుకుంటే మీరు వదిలేశాక కూడా ఇంకో నాలుగు పేర్లు దాటిపోతుంది. రెండోది, రిమోట్‌లో ఏ బటన్ పంపాలో ఏది తన దగ్గరే ఉంచుకోవాలో టీవీ ఇష్టం. బాణాలు, ఓకే, బ్యాక్, ప్లే, పాజ్ చాలా టీవీలు పంపుతాయి. హోమ్, మెనూ బటన్లు తనకే ఉంచుకుంటాయి. బ్యాక్ బటన్ కూడా పంపని టీవీ తగిలితే ఇక ఆ ఇంట్లో సీఈసీ మీద ఆశ వదులుకోవచ్చు. వెనక్కి రావడం కుదరని మెనూలో ఎవరూ రెండోసారి అడుగుపెట్టరు.

కాబట్టి పరీక్ష ఇట్లా చేయండి. కోడీ తెరిచి బాణాలు నాలుగూ, ఓకే, బ్యాక్ నొక్కి చూడండి. ఒక పాట పెట్టి ప్లే, పాజ్, స్టాప్ చూడండి. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, నీలం బటన్లు ఉంటే అవీ నొక్కండి. అవి పలికాయా, పంట పండినట్టే. కోడీలో అదనంగా వేసుకునే కీమ్యాప్ ఎడిటర్ అనే యాడాన్ ఉంది, దాంతో ఎర్ర బటన్‌కు షట్‌డౌన్ మెనూ, ఆకుపచ్చకు సబ్‌టైటిల్స్, పసుపుకు ఆ ఫైలు తాలూకు చిన్న మెనూ అని మీకు నచ్చినట్టు పెట్టుకోవచ్చు.

పరీక్షలో ఏదీ పలకకపోతే టీవీనే తిట్టకండి. మరీ చవక హెచ్‌డీఎంఐ వైర్లు కొన్నింటిలో ఆ 13వ తీగే ఉండదు. మధ్యలో స్ప్లిటరో స్విచ్చో ఉంటే దాన్ని తీసి నేరుగా కలపండి. వీజీఏకు మార్చే అడాప్టరు ఉంటే సీఈసీ ప్రశ్నే లేదు. అన్నీ సరిగ్గా ఉన్నా మొండికేస్తే టీవీ, కంప్యూటర్ రెండింటి ప్లగ్గులూ గోడనుంచి పీకి, కాసేపాగి, ముందు టీవీ పెట్టి తర్వాత కంప్యూటర్ పెట్టండి. ఇది వినడానికి నాటువైద్యంలా ఉంటుంది, పనిచేస్తుంది మాత్రం.

ఇన్‌ఫ్రారెడ్: పాత రిమోట్‌కు కొత్త కొలువు

సీఈసీ కుదరని ఇంట్లో నేను చెప్పేది ఇదే. దీంట్లో రెండు పద్ధతులున్నాయి. చేతిపని ఇష్టమున్నవాళ్ళకు మూడు కాళ్ళ సెన్సర్, ఇష్టం లేనివాళ్ళకు ఫ్లర్క్ అనే యూఎస్‌బీ ముక్క.

సెన్సర్ ధర ఒక కారం దోసె ఖర్చులో తేలిపోతుంది. రిమోట్లలో ఎక్కువ భాగం 38 కిలోహెర్ట్జ్ మీద మినుకుమనే వెలుగును పంపుతాయి, ఈ సెన్సర్ ఆ మినుకును మాత్రమే పట్టుకుని మామూలు వెలుగును వదిలేస్తుంది. రాస్‌ప్‌బెర్రీ పై పిన్నుల్లో ఒకటి 3.3 వోల్టులు, ఒకటి గ్రౌండు, ఒకటి 18వ నంబరు జీపీఐఓ, అంటే సంకేతాలు అందుకునే పిన్ను (వరుసలో లెక్కపెడితే ఇది 12వ పిన్ను). ఈ మూడింటికీ మూడు తీగలు. సాల్డరింగ్ కూడా అక్కర్లేదు, జంపర్ వైర్లు చాలు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా చదవండి. ఎలక్ట్రానిక్స్ దుకాణంలో రిమోట్ సెన్సర్ ఇవ్వమంటే చాలాసార్లు టీఎస్ఓపీ 1738 చేతిలో పెడతారు. కాలేజీ ప్రాజెక్టుల్లో అందరూ వాడేది అదే. అది 5 వోల్టుల సరుకు. దాన్ని 5 వోల్టులకు కలిపి, దాని అవుట్‌పుట్ తెచ్చి రాస్‌ప్‌బెర్రీ పై పిన్నుకు ఇస్తే బోర్డుకే ముప్పు, ఆ పిన్నులు 3.3 వోల్టులకు మించి తట్టుకోవు. 3.3 వోల్టులకు కలిపితే సెన్సర్ సరిగా పనిచేస్తుందన్న నమ్మకం లేదు. టీఎస్ఓపీ 38238 అడగండి, లేదా వీఎస్ 1838బీ. రెండూ 3.3 వోల్టులకు పనిచేస్తాయి. కాళ్ళ వరుస కూడా వేరు. 38238 ముఖం మీవైపు తిప్పితే ఎడమనుంచి అవుట్‌పుట్, గ్రౌండు, పవర్. 1738లో వరుస గ్రౌండు, పవర్, అవుట్‌పుట్. ఒకదాని బొమ్మ చూసుకుని ఇంకోదాన్ని కలిపితే సెన్సర్ వేడెక్కి పోతుంది. అనంతపురం, హిందూపురం వైపు వాళ్ళు బెంగళూరు ఎస్‌పీ రోడ్డుకు పోయినప్పుడు నంబరు కాగితం మీద రాసుకుని పోవడం మేలు.

తీగలు కలిపాక బోర్డు లేచేటప్పుడు చదువుకునే కాన్ఫిగ్ ఫైల్‌లో జీపీఐఓ ఐఆర్ అనే ఓవర్‌లే (ఆ సెన్సర్‌ను గుర్తుపట్టించే సెట్టింగు) ఆన్ చేయాలి. పాత పుస్తకాల్లో, పాత వీడియోల్లో లిర్క్ ఆర్‌పీఐ అని కనిపిస్తుంది, అది కాలం చెల్లింది, దాని వెంట పడకండి. తర్వాత ఐఆర్ కీటేబుల్ అనే పనిముట్టుతో ఒక్కో బటన్ నొక్కి, అది పంపే నంబరు చూసి, దాని ఎదురుగా పైకి, కిందికి, ఓకే అని రాసుకుంటూ పోవాలి. ఒక సాయంత్రం పని. ఓపిక ఉన్నవాళ్ళకు ఇది చాలా తృప్తినిచ్చే సాయంత్రం.

ఆ ఓపిక లేనివాళ్ళకు ఫ్లర్క్. ఒక కంప్యూటర్‌కు దాన్ని గుచ్చి, దాని సాఫ్ట్‌వేర్‌లో తెర మీది బొమ్మ చూపిన బటన్‌ను మీ రిమోట్‌లో నొక్కుతూ పోతే నేర్చుకుంటుంది. తర్వాత తీసి ఏ పెట్టెకు గుచ్చినా ఆ పెట్టెకు అదొక కీబోర్డులా కనిపిస్తుంది. రాస్‌ప్‌బెర్రీ పై అయినా పాత ల్యాప్‌టాప్ అయినా ఒకటే. ధర సెన్సర్‌తో పోల్చలేనంత ఎక్కువ. కానీ నిద్రలో ఉన్న మామూలు కంప్యూటర్‌ను కూడా, బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగుల్లో) ఆ సౌకర్యం ఉంటే, రిమోట్‌తో లేపగలదు. డెస్క్‌టాప్‌ను టీవీకి తగిలించుకున్నవాళ్ళకు నా ఓటు దీనికే.

ఏ రిమోట్ వాడాలన్నది తర్వాతి ప్రశ్న. ఇంట్లో మూలన పడ్డ డీవీడీ ప్లేయర్ రిమోట్ ఉంటే అంతకన్నా మంచిది లేదు. బాణాలు, ప్లే, పాజ్, ముందుకు, వెనక్కు అన్నీ ఉంటాయి, దానికి ఇంట్లో వేరే వస్తువేదీ పలకదు. టీవీ రిమోట్‌నే సెన్సర్‌కు నేర్పితే చిక్కు: బాణం నొక్కితే కోడీలో మెనూ కదులుతుంది, అదే సమయంలో టీవీ కూడా తన మెనూ తెరుస్తుంది. కేబుల్ బాక్సు రిమోట్‌తోనూ అంతే, కోడీలో సినిమా నడుస్తుంటే వెనకాల బాక్సులో ఛానెళ్ళు మారిపోతుంటాయి. బాక్సు ఆఫ్‌లో ఉంటే పర్వాలేదు గానీ దాన్ని ఆఫ్ చేసే ఇల్లు నేను చూడలేదు. టీవీ రిమోట్‌లో ఆ టీవీ పట్టించుకోని బటన్లు కొన్ని ఉంటాయి, అవి మాత్రం నిశ్చింతగా వాడుకోవచ్చు.

సెన్సర్‌ను బండ అంచుకు తెచ్చి పెట్టండి. మూడు తీగలను మూర పొడవు పెంచితే ఏమీ కాదు. పడమటి తలుపులోంచి సాయంత్రపు ఎండ సూటిగా సెన్సర్ మీద పడే ఇంట్లో ఆ గంటసేపు రిమోట్ మందగిస్తుంది, ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది మరి. దాన్ని కాస్త పక్కకు తిప్పినా, అరలోపల నీడలో ఉంచినా సర్దుకుంటుంది. సున్నం కొట్టిన తెల్ల గోడ రిమోట్ వెలుగును బాగానే తిప్పికొడుతుంది కాబట్టి సెన్సర్ మీకు సూటిగా ఎదురుగా ఉండాలని కూడా లేదు. రిమోట్ పనిచేస్తుందో లేదో అనుమానం వస్తే దాని మూతిని ఫోను సెల్ఫీ కెమెరాకు చూపించి బటన్ నొక్కండి. తెర మీద ఊదారంగు చుక్క మినుకుమంటే రిమోట్ బాగున్నట్టే, తప్పు ఇంకెక్కడో ఉంది.

ఎయిర్ మౌస్

బయట ఎక్కువగా అమ్ముడుపోయేది ఇదే. చిన్న యూఎస్‌బీ డాంగిల్ గుచ్చితే చాలు, 2.4 గిగాహెర్ట్జ్ రేడియోతో పనిచేస్తుంది, సెట్టింగు ఏమీ లేదు, కొన్నింటికి వెనకవైపు పూర్తి కీబోర్డు కూడా ఉంటుంది. గాల్లో తిప్పితే తెర మీద బాణం గుర్తు కదులుతుంది.

ఆ గాల్లో తిప్పడమే నాకు నచ్చనిది. కోడీ మెనూలు బాణాల బటన్ల కోసం తయారైనవి. చేయి వణికే పెద్దవాళ్ళకు గాల్లో గురిపెట్టడం శిక్ష. బ్రౌజర్ వాడేవాళ్ళకు, యూట్యూబ్‌లో పేర్లు టైప్ చేసి వెతికే పిల్లలకు మాత్రం దీన్ని మించింది లేదు. కొనేటట్టయితే మౌసును ఆపేసే బటన్ విడిగా ఉన్నదీ, ఇన్‌ఫ్రారెడ్ నేర్చుకునే బటన్లు కొన్ని ఉన్నదీ చూసుకోండి. ఆ బటన్లకు టీవీ పవర్, శబ్దం నేర్పితే ఇదొక్కటే రిమోట్‌తో పని గడుస్తుంది. మైకు బటన్ ఉందని ఎక్కువ ధర పెట్టకండి, కోడీలో మామూలుగా అది ఊరికే ఉంటుంది.

రిమోట్ దగ్గరికి పోతేనే పలుకుతోంది అనే ఫిర్యాదు దీంట్లో తరచుగా వస్తుంది. డాంగిల్‌ను నీలం రంగు యూఎస్‌బీ 3 రంధ్రంలో పెట్టి, పక్క రంధ్రంలో హార్డ్‌డిస్కు పెడితే ఆ డిస్కు పనిచేసేటప్పుడు పుట్టే రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పడుతుంది. డాంగిల్‌ను నల్ల రంధ్రంలోకి మార్చండి, లేదా చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో బండ ముందుకు తెండి. ఇంకొకటి, డాంగిల్ పోతే రిమోట్ పనికిరాని వస్తువే. చాలావాటికి విడిగా డాంగిల్ దొరకదు.

బ్లూటూత్, ఫోను

బ్లూటూత్ రిమోట్ గురించి చెప్పేది తక్కువ. రాస్‌ప్‌బెర్రీ పై త్రీ నుంచి బ్లూటూత్ బోర్డులోనే ఉంది, డాంగిల్ అక్కర్లేదు, బండ చాటున్నా పలుకుతుంది. స్టిక్కు పాడైపోయి రిమోట్ మిగిలినవాళ్ళు జత చేసి చూడొచ్చు, కొన్ని కుదురుతాయి, కొన్నింటిలో సగం బటన్లే పలుకుతాయి. కాసేపు వాడకపోతే రిమోట్ నిద్రపోతుంది, మొదటి నొక్కుడు దాన్ని లేపడానికే సరిపోతుంది. దీనికోసమే కొత్తది కొనమని నేను ఎవరికీ చెప్పను.

ఫోనుకు కోడీ వాళ్ళదే కోర్ అనే యాప్ ఆండ్రాయిడ్‌లో ఉచితంగా ఉంది. యాట్సే అని ఇంకొకటి, అది ఇంకా వివరంగా ఉంటుంది. కోడీ సెట్టింగుల్లో సర్వీసెస్ కింద హెచ్‌టీటీపీ ద్వారా కంట్రోల్ చేయడానికి అనుమతి ఇచ్చి, పాస్‌వర్డ్ పెట్టి, ఫోనునూ కంప్యూటర్‌నూ ఒకే వైఫైలో ఉంచితే అయిపోయింది. యాప్ పోర్టు నంబరు అడిగితే అది మామూలుగా 8080. సినిమా బొమ్మలన్నీ ఫోను తెర మీదే చూసి ఎంచుకోవచ్చు, తెర మీది కీబోర్డుతో కుస్తీ పట్టకుండా పేరును ఫోనులోనే టైప్ చేయొచ్చు, కాల్ వస్తే సినిమా తానే ఆగేటట్టు పెట్టుకోవచ్చు. ఇన్ని సుగుణాలున్నా అసలు రిమోట్‌గా ఎందుకు పనికిరాదంటే, ఫోను దాని యజమానితో పాటు బయటికి పోతుంది. కరెంటు పోయివచ్చాక రౌటరు ఆ పెట్టెకు కొత్త చిరునామా ఇస్తే యాప్ దాన్ని వెతుక్కోలేక నిలబడిపోతుంది కూడా. రౌటరులో ఆ పెట్టెకు ఒకే చిరునామా కట్టిపెట్టే సౌకర్యం ఉంటుంది, ఫోను వాడేవాళ్ళు ముందు ఆ పని చేసుకోవాలి.

ఏ ఇంటికి ఏది

కొత్త టీవీ, రాస్‌ప్‌బెర్రీ పై, చూసేది అమ్మానాన్న: సీఈసీ, ఇంకేదీ వద్దు. ఊరినుంచి ఫోన్లో దారి చెప్పాల్సి వచ్చినప్పుడు "టీవీ రిమోట్ తీసుకోమ్మా, బ్యాక్ నొక్కు" అనగలగడం ఎంత సుఖమో అనుభవంలోనే తెలుస్తుంది.

పాత ఎల్‌సీడీ టీవీ, సీఈసీ లేదు లేదా బ్యాక్ బటన్ పంపదు: సెన్సర్ పెట్టి డీవీడీ రిమోట్. అనవసరమైన బటన్ల మీద తెల్ల టేపు అంటించి, పనికొచ్చే ఏడెనిమిదే కనపడేటట్టు వదలండి. చూడటానికి అందంగా ఉండదు, అవ్వలు తాతలు మాత్రం మెచ్చుకుంటారు. కోడీలో ఇష్టమైన సినిమాలను ఫేవరెట్స్‌లో పెట్టి, ఒక రంగు బటన్‌కు ఆ పట్టికను కట్టేస్తే వాళ్ళకు మెనూలతో పనే ఉండదు.

అనంతపురంలో యూనివర్సిటీ దగ్గర గదిలో ఉండే కుర్రాళ్ళు, పాత ల్యాప్‌టాప్, మానిటరు: ఎయిర్ మౌస్ కొనేయండి, లేదా అందరి ఫోన్లలో కోర్ పెట్టుకోండి. రెండో పద్ధతిలో పాట ఎవరు మార్చారో తెలియక గొడవలు ఖాయం.

డెస్క్‌టాప్ హాల్లోనే టీవీకి తగిలించి ఉంది, రోజూ ఆన్ ఆఫ్ చేస్తారు: ఫ్లర్క్.

పవర్ బటన్ సంగతి

దీన్ని ఎవరూ ముందు అడగరు, వారం తర్వాత అందరూ అడుగుతారు. రిమోట్‌తో ఆఫ్ చేస్తే మళ్ళీ రిమోట్‌తో ఆన్ అవుతుందా? రాస్‌ప్‌బెర్రీ పై త్రీ, ఫోర్‌లలో కాదు. ఒకసారి షట్‌డౌన్ అయ్యాక అది సీఈసీ వినదు, సెన్సర్ వినదు, డాంగిల్ వినదు. ప్లగ్గు తీసి పెట్టాలి, లేదా 5వ, 6వ పిన్నులకు ఒక చిన్న నొక్కుడు బటన్ తగిలించి అది నొక్కాలి. 2023లో వచ్చిన ఫైవ్ మోడల్‌లోనే బోర్డు మీద పవర్ బటన్ వచ్చింది, అదీ చేత్తో లేచి వెళ్ళి నొక్కాల్సిందే.

నేను చెప్పేదేమంటే ఆఫ్ చేయకండి. పనిలేకుండా ఉన్నప్పుడు అది సుమారు 3 వాట్లు తింటుంది, నెలంతా రాత్రీపగలూ ఉంచినా రెండు యూనిట్ల చిల్లర. టీవీని మాత్రం టీవీ రిమోట్‌తో ఆపేయండి. కోడీ సెట్టింగుల్లో ఇన్‌పుట్ కింద పెరిఫెరల్స్‌లో సీఈసీ అడాప్టర్ అని ఉంటుంది, దాంట్లో టీవీ ఆపినప్పుడు ఏం చేయాలి అన్నచోట షట్‌డౌన్ అని ఉంటే తీసేసి, ఏమీ చేయవద్దు అని పెట్టండి. హార్డ్‌డిస్కు ఉన్న ఇంట్లో అది తిరగకుండా నిద్రపోయే సమయం కూడా సెట్ చేసుకోవచ్చు. స్విచ్చు బోర్డు దగ్గర ఠక్కున ఆపే అలవాటు మాత్రం మానుకోవాలి, రాసే సమయంలో కరెంటు పోతే మెమొరీ కార్డు చెడిపోయేది అప్పుడే.

కరెంటు కోతల ఊళ్ళలో ఇంకో సరదా ఉంది. అర్ధరాత్రి కరెంటు పోయి వస్తే రాస్‌ప్‌బెర్రీ పై తనంతట తానే లేస్తుంది. లేవగానే సీఈసీ తీగ మీద నేనొచ్చానని కబురు పంపుతుంది. ఆ కబురు వినగానే టీవీ కూడా ఆన్ అయి హాలంతా వెలుగు. ఇంట్లో వాళ్ళు దయ్యం అనుకున్నా ఆశ్చర్యం లేదు. దీనికి రెండు చోట్ల కళ్ళెం వేయాలి. కోడీలోని అదే సీఈసీ అడాప్టర్ పేజీలో, మొదలైనప్పుడు ఆన్ చేయాల్సిన పరికరాలు అన్నచోట ఏదీ వద్దని పెట్టి, మొదలవగానే ఈ ఇన్‌పుట్‌కు మారే ఆప్షన్ తీసేయండి. ఫోర్ వరకు ఉన్న మోడళ్ళలో కాన్ఫిగ్ ఫైల్‌లో హెచ్‌డీఎంఐ ఇగ్నోర్ సీఈసీ ఇనిట్ అనే వరుసకు 1 ఇవ్వండి. ఇట్లా చేస్తే పొద్దున టీవీ పెట్టినప్పుడు ఇన్‌పుట్ ఒకసారి చేత్తో మార్చుకోవాలి, రిమోట్ మాత్రం ఎప్పటిలాగే పలుకుతుంది. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో టీవీ పాయింటు దాని మీదికి ఇప్పించుకుంటే ఈ రెండు మార్పులూ చేయాల్సిన పనిలేదు.